సర్వర్ మీద బరువైన పనులు ఒక్కొక్కటిగా నడవాలంటే: తలుపు గడియ వేరు, పిండిమర వరుస వేరు

ముందు మీ ఇబ్బందిని నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో మీరే చూడండి. 4 జీబీ ర్యామ్, 2 కోర్లు ఉన్న ఒకే ఒక్క ఉబుంటు సర్వర్. దాని మీదే ట్యూషన్ సెంటర్ వెబ్‌సైట్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా. టైమ్ ప్రకారం పనులను లేపే క్రాన్‌లో మూడు పనులు పెట్టారు. 10 నిమిషాలకోసారి హాజరు, ఫీజుల రిపోర్టు. 15 నిమిషాలకోసారి, టీచర్లు ఎక్కించిన పాఠాల వీడియోలను ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో చిన్నవి చేసే స్క్రిప్టు. రాత్రి 2 గంటలకు డేటాబేస్ బ్యాకప్. విడివిడిగా అన్నీ బాగానే నడుస్తున్నాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ రోజున ర్యామ్ నిండిపోయి, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అందరికంటే లావుగా కనిపించిన మైఎస్‌క్యూఎల్‌ను చంపేస్తోంది. "ఒకసారికి ఒకటే నడవాలి, మిగతావి ఆగాలి. పనుల వరుస నడిపే సెలెరీ, దానికి తోడు రెడిస్ పెట్టమంటున్నారు. తప్పదా?" అని అడిగారు.

మీ సర్వర్‌కి అవేవీ అక్కర్లేదు. కావాల్సినవన్నీ అందులో ఇప్పటికే ఉన్నాయి. కానీ ఒక్క కమాండ్ చెప్పి ఊరుకుంటే రెండు నెలల్లో మళ్లీ ఇదే బాధ వస్తుంది. ఎందుకంటే మీ ప్రశ్నలో రెండు వేరు వేరు కోరికలు కలిసిపోయాయి.

ఒకటి, ఇద్దరు ఒకేసారి లోపలికి పోకూడదు. ఉమ్మడి కుటుంబంలో పొద్దున్నే ఒకే స్నానాల గది ఉంటే ఎలా ఉంటుందో అలా. లోపల ఉన్నవాళ్లు గడియ పెట్టుకుంటారు. బయట నలుగురు నిలబడతారు, ఒకరు విసుగొచ్చి వెళ్లిపోతారు. గడియ తీసిన క్షణాన ఎవరు దూరితే వాళ్లది. గడియకి తెలిసింది లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నదే, ఎవరు ముందొచ్చారో దానికి తెలియదు.

రెండోది, ఇచ్చిన ప్రతి పనీ ఎప్పటికైనా జరిగి తీరాలి, వచ్చిన వరుసలో జరగాలి. ఇది పిండిమర దగ్గరి పద్ధతి. తెలంగాణలో గిర్ని అంటారు. డబ్బా వరుసలో పెట్టి, పేరు చెప్పి, ఇంటికి వెళ్లిపోతారు. మర ఒకటే, ఒకరి తర్వాత ఒకరివి పడతాయి. మీరు అక్కడ నిలబడకపోయినా మీ డబ్బా వరుస పోదు.

ఇప్పుడు మీ మూడు పనులనూ చూడండి. 10:20కి రిపోర్టు తప్పిపోతే నష్టం లేదు. 10:30 రిపోర్టులో ఆ లెక్కలన్నీ ఉంటాయి. దానికి గడియ చాలు. బ్యాకప్ కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు కానీ తప్పిపోకూడదు. దానికీ గడియే, కానీ ఓపికగా నిలబడాలి, దొరక్కపోతే గట్టిగా అరవాలి. వీడియోల సంగతి వేరు. ఒక టీచరు ఎక్కించిన పాఠం కన్వర్ట్ కాకుండా పోతే దాని బదులు ఇంకేదీ రాదు. అవి డబ్బాలు. వాటికి నిజమైన వరుస కావాలి.

క్రాన్ తప్పేమీ లేదని కూడా చెప్పాలి. టైమ్ అయితే లేపడమే దాని పని, కిందటిసారి లేపింది ముగిసిందో లేదో అది చూడదు. 10 నిమిషాలకోసారి లేచే పనికి 12 నిమిషాలు పట్టడం మొదలైతే రెండోది మొదటి దాని మీద పడుతుంది. రెండూ కలిసి డిస్కునీ ప్రాసెసర్‌నీ పంచుకుంటాయి కాబట్టి ఇద్దరూ నెమ్మదిస్తారు, అంతలో మూడోది వస్తుంది. మీ సర్వర్ ఒక్కసారిగా కుప్పకూలినట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడ చాలామంది సొంతంగా రాసుకునే పరిష్కారం పీఐడీ ఫైల్. స్క్రిప్టు మొదలవగానే తన ప్రాసెస్ నంబరు ఒక ఫైల్లో రాస్తుంది, చివర్లో ఆ ఫైల్ తీసేస్తుంది. ఇంకొకటి వచ్చి, ఆ ఫైల్ ఉంటే వెనక్కి వెళ్లిపోతుంది. దయచేసి ఇది చేయకండి. ఫైల్ ఉందా అని చూడటానికీ, లేదని తెలిసి రాయడానికీ మధ్య సందు ఉంది. ఆ సందులో ఇద్దరూ దూరగలరు. అంతకంటే పెద్ద ప్రమాదం నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న సంస్థ సర్వర్ చూసుకునేవాణ్ని. ఒక రాత్రి బ్యాకప్ మధ్యలో కరెంటు పోయింది. సర్వర్ తిరిగి లేచింది, పీఐడీ ఫైల్ డిస్కు మీద అలాగే ఉంది. అందులోని నంబరే ఈసారి వేరే సర్వీసుకు వచ్చింది. అప్పటినుంచి బ్యాకప్ స్క్రిప్టు ప్రతి రాత్రీ లేవడం, ఆ నంబరుతో ఏదో నడుస్తోందని చూడటం, "ఇంకా అవుతోంది కాబోలు" అనుకుని ఏ తప్పూ చూపకుండా ముగిసిపోవడం. పొరపాటున చెరిపేసిన ఒక టేబుల్ తిరిగి తెమ్మని అడిగిన రోజున చూస్తే తొమ్మిది రోజుల బ్యాకప్‌లు లేవు. ఆ డేటాను అక్కడి మనుషులు కాగితాలు చూసి మళ్లీ టైపు చేశారు. వాళ్ల పక్కన కూర్చుని చూసినవాణ్ని కాబట్టి ఈ విషయం ఇంత గట్టిగా చెబుతున్నాను.

గడియ పని కెర్నల్‌కే అప్పగించండి. యుటిల్ లైనక్స్ ప్యాకేజీలో ఫ్లాక్ (flock) అనే కమాండ్ ఉంది, ఉబుంటుతో పాటే వస్తుంది. ఫ్లాక్ అని రాసి, తర్వాత ఒక లాక్ ఫైల్ దారి, దాని వెనక మీరు నడపాల్సిన స్క్రిప్టు రాస్తే చాలు. క్రాన్ లైన్లో స్క్రిప్టు పేరుకు ముందు ఇది చేరుతుంది, అంతే. గొప్ప సంగతి ఏమిటంటే ఈ లాక్ అనేది ఫైల్ ఉండటంలో లేదు, ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకున్న ప్రాసెస్‌లో ఉంది. ప్రాసెస్ మామూలుగా ముగిసినా, కిల్ 9 తో బలవంతంగా చంపినా, సర్వర్ రీబూట్ అయినా కెర్నల్ గడియ తీసేస్తుంది. కరెంటు పోయిన రాత్రి నాకు ఇదే ఉండి ఉంటే ఆ తొమ్మిది రోజులు పోయేవి కావు.

దీని ఆప్షన్లు మూడు తెలిస్తే చాలు. ఎన్ (-n) ఇస్తే, గడియ పడి ఉంటే ఒక్క క్షణం కూడా ఆగకుండా వెనక్కి వెళ్లిపోతుంది. డబ్ల్యూ (-w) ఇచ్చి సెకన్లు చెబితే అంతసేపు నిలబడి, దొరక్కపోతే వెళ్లిపోతుంది. రెండూ ఇవ్వకపోతే ఎంతకాలమైనా నిలబడుతుంది. ఈ మూడో పద్ధతిని క్రాన్‌లో ఎప్పుడూ వాడకండి. లోపలున్నది ఇరుక్కుపోతే 10 నిమిషాలకొకటి చొప్పున నిలబడే ప్రాసెస్‌లు పేరుకుంటూ పోతాయి. ఎంతసేపు ఆగనివ్వాలో నేను పాటించే లెక్క ఒకటుంది: పని ఎన్ని నిమిషాలకోసారి వస్తుందో దానికంటే తక్కువ. మీ రిపోర్టుకు 480 సెకన్లు ఇవ్వండి. అంటే 8 నిమిషాలు. అప్పుడు తలుపు బయట ఒక్క రిపోర్టుకు మించి ఎప్పుడూ ఉండదు. బ్యాకప్‌కు 7200 సెకన్లు, అంటే 2 గంటలు.

మామూలుగా గడియ దొరక్కపోతే ఫ్లాక్ 1 అనే ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ఫలితం చెప్పే నంబరు) ఇస్తుంది. మీ స్క్రిప్టు కూడా ఏదో తప్పు జరిగి 1 ఇవ్వవచ్చు. అప్పుడు "లోపలికే పోలేదు"కీ "పోయి చెడింది"కీ తేడా తెలియదు. పెద్ద అక్షరం ఈ (-E) ఆప్షన్‌తో వేరే నంబరు, ఉదాహరణకు 75 పెట్టుకోండి. రిపోర్టుకు 75 వస్తే పట్టించుకోనక్కర్లేదు. బ్యాకప్‌కు 75 వస్తే మీ ఫోన్‌కు మెసేజ్ రావాలి.

ఫ్లాక్‌తో జనం పొరపాటు పడే చోట్లు చెబుతాను, ఇవి మాన్యువల్ చదివినా ఒక పట్టాన తట్టవు.

లాక్ ఫైల్‌ను పని అయ్యాక "శుభ్రంగా ఉండాలని" తీసేయకండి. లోపలివాడు పాత ఫైల్ మీద గడియ పట్టుకుని ఉంటాడు. మీరు దాన్ని చెరిపేస్తే, తర్వాత వచ్చినవాడు అదే పేరుతో కొత్త ఫైల్ సృష్టించి దాని మీద గడియ పెట్టుకుంటాడు. పేరు ఒకటే, డిస్కు మీద అసలు ఫైళ్లు (ఐనోడ్‌లు) రెండు. గోడకు రెండో తలుపు పెట్టినట్టే, ఇద్దరూ లోపలే ఉంటారు. ఖాళీ ఫైల్ అలా పడి ఉంటే ఏ నష్టమూ లేదు.

ఆ ఫైల్‌ను టెంప్ డైరెక్టరీలో (/tmp) కాకుండా, వార్ లిబ్ (/var/lib) కింద మీకంటూ ఒక డైరెక్టరీ చేసుకుని అందులో పెట్టండి. అందరూ రాయగలిగే డైరెక్టరీల్లో వేరే యూజర్ సృష్టించిన ఫైల్‌ను తెరవబోతే, ఇప్పటి ఉబుంటులలో ఉండే ఒక కెర్నల్ రక్షణ సర్వాధికారాలున్న రూట్ యూజర్‌కు కూడా అనుమతి లేదంటుంది. వెబ్ యూజర్ ముందు వచ్చిన రోజున రూట్ క్రాన్ ఆగిపోతుంది, ఎందుకో అంతుచిక్కదు.

మీ స్క్రిప్టు లోపలినుంచి ఏదైనా బ్యాక్‌గ్రౌండ్‌లోకి వదిలితే, గడియ దానికీ వారసత్వంగా పోతుంది. స్క్రిప్టు ముగిసినా గడియ తీయదు. చిన్న అక్షరం ఓ (-o) ఆప్షన్ ఇస్తే ఫ్లాక్ గడియను తన దగ్గరే ఉంచుకుని పిల్ల ప్రాసెస్‌కు ఇవ్వదు.

లోపల ఇరుక్కుపోయే పనికి గడువు కావాలి. అందుకు టైమౌట్ కమాండ్ ఉంది. దాన్ని ఫ్లాక్‌కు బయట కాకుండా లోపల పెట్టండి, అంటే వరుసగా ఫ్లాక్, టైమౌట్, స్క్రిప్టు. తిరగేస్తే తలుపు బయట నిలబడ్డ సమయం కూడా గడువులో కలిసిపోయి, పని మొదలైన నిమిషానికే చచ్చిపోవచ్చు. గడువు దాటితే టైమౌట్ 124 ఇస్తుంది.

ఇక వీడియోలు. వీటికి చాలామంది టాస్క్ స్పూలర్ చెబుతారు. మంచి సాధనం, నేనూ రోజూ వాడతాను. ఉబుంటులో దాని కమాండ్ టీఎస్‌పీ (tsp). దాని వెనక ఏ కమాండ్ రాసినా వరుసలో చేరుతుంది, మామూలుగా ఒకసారికి ఒకటే నడుస్తుంది. ఏమీ రాయకుండా టీఎస్‌పీ అంటే వరుస మొత్తం చూపిస్తుంది. అచ్చం పిండిమర. రాత్రి పడుకునే ముందు ఐదారు పెద్ద పనులు చేత్తో పెట్టి వెళ్లాలంటే ఇంతకంటే హాయి లేదు. కానీ మీ వెబ్‌సైట్ నుంచి దీన్ని పిలవొద్దంటాను. వరుస అంతా మెమరీలోనే ఉంటుంది, రీబూట్ అయితే డబ్బాలన్నీ పోతాయి. పైగా ప్రతి యూజర్‌కూ వేరే వరుస. వెబ్ యూజర్‌ది ఒకటి, రూట్‌ది ఒకటి అయితే మీకు తెలియకుండానే రెండు మరలు తిరుగుతుంటాయి. ఉబుంటులో అపాచీ వెబ్ సర్వర్ తనకంటూ ప్రైవేటు టెంప్ డైరెక్టరీతో నడుస్తుంది కాబట్టి, అపాచీలోంచి పెట్టిన వరుస మీకు టెర్మినల్‌లో కనిపించదు కూడా. టీఎస్‌పీ వాడే సాకెట్ ఫైల్ దారిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో మార్చి దీన్ని సరిచేయవచ్చు కానీ, రీబూట్ సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

మీ దగ్గర మైఎస్‌క్యూఎల్ ఉంది కదా, వరుసను అందులోనే పెట్టండి. ఒక టేబుల్: ఐడీ, ఫైల్ దారి, స్థితి, ఎన్నిసార్లు ప్రయత్నించాం, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ముగిసింది. వీడియో ఎక్కగానే వెబ్‌సైట్ చేసేది ఒక్కటే, "ఆగి ఉంది" అన్న స్థితితో ఆ టేబుల్‌లో ఒక రో రాసి, టీచరుకు "అందింది" అని చెప్పడం. దాన్ని చదివి పని చేసే ప్రోగ్రామ్, అంటే వర్కర్, ఒకే ఒక్కటి, ఉబుంటులో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద ఒక సర్వీసుగా ఎప్పుడూ నడుస్తుంటుంది. అన్నింటికంటే పాతది తీసుకుంటుంది, "నడుస్తోంది" అని మారుస్తుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడుపుతుంది, "అయింది" అని రాస్తుంది. ఏమీ లేకపోతే 10 సెకన్లు నిద్రపోతుంది. మీకున్న భాషలో వంద లైన్లలోపు పని. 15 నిమిషాల క్రాన్ ఇక తీసేయొచ్చు.

వర్కర్ ఒక్కటే కావడం వల్ల పెద్ద సుఖం ఉంది. అది మొదలయ్యే ముందు టేబుల్‌లో "నడుస్తోంది" అని ఏదైనా కనిపిస్తే, అది కిందటిసారి మధ్యలో ఆగిపోయిందే, వేరే అర్థం లేదు. దాన్ని మళ్లీ "ఆగి ఉంది"కి మార్చేయండి. ఇద్దరు వర్కర్లు ఉంటే ఈ మాట చెప్పలేం, అప్పుడే ఈ వ్యవహారం కష్టమవుతుంది. రెండో వర్కర్ పొరపాటున కూడా లేవకుండా దానికీ ఫ్లాక్ ఎన్ పెట్టండి.

ప్రయత్నాల లెక్క మాత్రం మరిచిపోవద్దు. ఎవరో ఒకరు పాడైన ఫైల్ ఎక్కిస్తారు. దాని మీద ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రతిసారీ చెడుతుంది. అది వరుసలో అందరికంటే ముందుంది కాబట్టి వర్కర్ దాన్నే మళ్లీ మళ్లీ తీసుకుంటుంది, వెనక నలభై పాఠాలు ఆగిపోతాయి. మూడు ప్రయత్నాల తర్వాత "చెడింది" అని పక్కన పెట్టి ముందుకు సాగాలి. పని మొదలుపెట్టే ముందే లెక్క పెంచాలి, అయ్యాక కాదు. సర్వర్‌నే పడగొట్టే ఫైల్ అయితే "అయ్యాక" అన్నది ఎప్పటికీ రాదు.

ఒక పని రెండుసార్లు నడిచినా నష్టం లేకుండా రాయడం కూడా అంతే ముఖ్యం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ రాసే ఫైల్‌ను మొదట తాత్కాలిక పేరుతో రాయించి, మొత్తం అయ్యాకే అసలు పేరుకు మార్చండి. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో పేరు మార్చడం ఒక్క దెబ్బలో జరిగిపోతుంది. సగం వీడియో విద్యార్థికి ఎప్పుడూ కనిపించదు. బ్యాకప్‌కూ ఇదే పద్ధతి.

ఇప్పుడు వర్కర్‌నీ, రిపోర్టునీ, బ్యాకప్‌నీ ఒకే గడియ కిందికి తేవాలి. అంటే లాక్ ఫైళ్లు రెండు: వర్కర్ ఒక్కటే ఉండేలా చూసేది ఒకటి, బరువైన పనులన్నీ పంచుకునేది ఒకటి. వర్కర్ ఈ రెండోదాన్ని రోజంతా పట్టుకోకూడదు. ఒక్కో వీడియోకు తీసుకుని, అయ్యాక వదలాలి. వదిలి వెంటనే మళ్లీ పట్టుకుంటే బయట నిలబడ్డ బ్యాకప్‌కు చోటే దొరక్కపోవచ్చు. గడియకు వరుస తెలియదని మొదట్లో చెప్పింది ఇందుకే. వీడియోకూ వీడియోకూ మధ్య 5 సెకన్లు నిద్ర పెట్టండి, ఎదురుచూసేవాళ్లు లోపలికి పోతారు.

అన్నట్టు, రిపోర్టు నిజంగా ఈ గడియ కిందికి రావాలా అన్నది కొలిచి చూసుకోండి. యూజర్ బిన్‌లో (/usr/bin) ఉన్న టైమ్ కమాండ్‌ను వీ (-v) ఆప్షన్‌తో నడిపితే ఆ పని అత్యధికంగా ఎంత మెమరీ తీసుకుందో చెబుతుంది. షెల్‌లో ఉండే టైమ్ ఇది చెప్పదు, పూర్తి దారి ఇచ్చి పిలవండి. అది 100 ఎంబీ దాటకపోతే రిపోర్టును వదిలేయండి, దాని మీద అదే పడకుండా దానికి వేరే గడియ పెట్టండి. తేలికైన పనిని నలభై నిమిషాల వీడియో వెనక నిలబెట్టడం అన్యాయం.

వీడియో వర్కర్ సర్వీసుకు సిస్టమ్‌డీలో మెమరీ గరిష్ఠ పరిమితి కూడా పెట్టండి, మీ 4 జీబీలో 1.5 జీబీ అనుకోండి. ఒక్కటే నడుస్తున్నా ఆ ఒక్కటే అతిగా తినవచ్చు. పరిమితి ఉంటే దెబ్బ ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీదే పడుతుంది, మైఎస్‌క్యూఎల్ మీద పడదు.

మీకు ఇంకెవరైనా చెప్పబోయే సలహాల గురించి క్లుప్తంగా. బ్యాచ్ కమాండ్ వాడమంటారు. అది సర్వర్ లోడ్ 1.5 కంటే తగ్గినప్పుడు పని మొదలుపెడుతుంది, ఒక్కొక్కటిగా నడుపుతానని మాట ఇవ్వదు. సిస్టమ్‌డీ టైమర్ వాడమంటారు. మంచిదే, సర్వీసు ఇంకా నడుస్తుంటే టైమర్ రెండోది లేపదు. అయితే అది ఒకే సర్వీసు వరకే, మీ బ్యాకప్‌నీ వీడియోనీ విడదీయదు. సెలెరీ చెడ్డదేమీ కాదు, పది రకాల పనులు, మూడు సర్వర్లు ఉన్నప్పుడు అదే కావాలి. కానీ రెడిస్‌తో వాడినప్పుడు, పని ముగిశాకే రసీదు ఇచ్చేలా పెట్టుకుంటే, రసీదు రాని పనిని మామూలుగా 1 గంట తర్వాత మళ్లీ అందిస్తుంది. గంటంపావు పట్టే మీ వీడియో ఒకటి నడుస్తుండగానే రెండోసారి మొదలవుతుంది. ఏది వద్దని సెలెరీ పెట్టారో అదే జరుగుతుంది.

రేపు రెండో సర్వర్ చేర్చిన రోజున ఫ్లాక్ పనికిరాదు, అది ఒక యంత్రం లోపలి గడియ. అప్పుడు మైఎస్‌క్యూఎల్‌లోనే పేరు పెట్టి లాక్ తీసుకునే గెట్ లాక్ ఫంక్షన్ ఉంది. కనెక్షన్ తెగితే అదీ దానంతట అదే వదులుతుంది.

వీటన్నింటి కంటే ముందు ఒక లెక్క వేసుకోండి. 10 నిమిషాలకొకటి చొప్పున పనులు వచ్చి ఒక్కోదానికి 12 నిమిషాలు పడితే, రోజుకు 144 వస్తాయి, 120 అవుతాయి, 24 మిగులుతాయి. మర్నాటికి 48. వరుస ఎంత బాగా కట్టినా ఇది తగ్గదు. మీ టేబుల్‌లో ఆగి ఉన్నవాటిలో అన్నింటికంటే పాతది ఎంతసేపటి కిందటిదో రోజూ ఒకసారి చూడండి. ఆ సంఖ్య రాత్రికి సున్నాకు దిగుతుంటే సర్వర్ సరిపోతోంది. వారం పాటు పెరుగుతూనే ఉంటే వీడియో నాణ్యత తగ్గించాలి, లేదా పెద్ద సర్వర్ తీసుకోవాలి.

పెట్టాక పరీక్షించండి. రెండు టెర్మినల్‌లు తెరిచి, రెండింటిలోనూ అదే లాక్ ఫైల్‌తో 60 సెకన్ల స్లీప్ నడపండి. రెండోది ఆగాలి. ఎల్ఎస్‌లాక్స్ (lslocks) కమాండ్ ఇస్తే గడియ ఎవరి దగ్గర ఉందో కనిపిస్తుంది. మొదటి టెర్మినల్‌లోని స్లీప్‌ను కిల్ 9 తో చంపండి (ఫ్లాక్‌ను మాత్రమే చంపితే చాలదు, గడియ వారసత్వంగా స్లీప్ దగ్గరా ఉంటుంది), రెండోది వెంటనే కదలాలి. తర్వాత మధ్యాహ్నం పూట, సైట్ మీద జనం లేనప్పుడు, ఒక వీడియో సగంలో ఉండగా సర్వర్‌ను రీబూట్ చేయండి. లేచాక అదే వీడియో మళ్లీ మొదటినుంచి మొదలైతే, వెనకున్నవి వరుస తప్పకుండా ఉంటే, పక్కన పెట్టిన పాత వీడియో క్రాన్ లైన్‌ను పూర్తిగా చెరిపేయొచ్చు. లేకపోతే టేబుల్‌లోని స్థితులు, సిస్టమ్‌డీ లాగ్ అయిన జర్నల్‌లో ఆఖరి యాభై లైన్లు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.